మా అంతర్గత వ్యవహారం: దియాలో టెల్లీ ఉద్యోగ జీవితం
(గ్రంథాలయ వారోత్సవాల్లో చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. ఈసారి ఎవరి గురించి మాట్లాడతారని నిర్వాహకులు ఫోన్ చేస్తే దియాలో టెల్లీ అన్నాను. అవతల కాసేపు మాట లేదు. తర్వాత మెల్లగా "ఏ భాషా కవి సార్?" అని అడిగారు. (నవ్వులు)

కవి కాదండీ. దౌత్యవేత్త. పశ్చిమ ఆఫ్రికాలో గినీ అనే దేశం ఉంది. మన ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ కంటే కొంచెం చిన్నది. కింద బాక్సైట్ గనులు, పైన పేదరికం. ఆ దేశం తరఫున ఐక్యరాజ్యసమితిలో మొదటి రాయబారి ఈయన. దక్షిణాఫ్రికా అపార్థైడ్ మీద, అంటే అక్కడి వర్ణవివక్ష పాలన మీద, ఐరాస వేసిన ప్రత్యేక కమిటీకి మొదటి అధ్యక్షుడు. ఆఫ్రికా ఐక్యతా సంస్థకి, అంటే నేటి ఆఫ్రికన్ యూనియన్‌కి తల్లిలాంటి సంస్థకి, మొదటి సెక్రటరీ జనరల్. ఇన్ని మొదటి పదవులు చేసిన మనిషి యాభై రెండేళ్ళ వయసుకి సొంత రాజధానిలో ఒక జైలు గదిలో అన్నం, నీళ్ళు లేకుండా చనిపోయాడు. చంపింది శత్రుదేశం కాదు.

నెల్లూరు జిల్లా వాళ్ళు ఇక్కడ ఎవరైనా ఉంటే ఇంకో కారణం కూడా ఉంది. దాని దగ్గరికి తర్వాత వస్తాను.

టెల్లీ 1925లో పుట్టారు. గినీ మధ్యలో ఫూటా జాలోన్ అని ఎత్తైన కొండ ప్రాంతం, అక్కడ పొరెదాకా అనే ఊరు. ఫులా జాతి. పశువుల పెంపకం, ఇస్లాం చదువులు, పాత రాజ్యాల జ్ఞాపకాలు ఉన్న సమాజం. ఈ జాతి సంగతి గుర్తుంచుకోండి, చివర్లో పనికొస్తుంది. తెలివైన కుర్రాడు. ఫ్రెంచ్ వాళ్ళ బళ్ళో చదివి, పారిస్ వెళ్ళి, వలస ప్రాంతాల అధికారుల్ని తయారుచేసే పెద్ద విద్యాసంస్థలో సీటు సంపాదించారు. న్యాయశాస్త్రంలో డాక్టరేట్ చేశారు. మన ఐసీఎస్ లాంటి దారే అనుకోండి. తిరిగొచ్చి సెనెగల్‌లో, దహోమీలో కోర్టు పనులు చూశారు. దహోమీ అంటే ఇప్పటి బెనిన్. 1957కల్లా డకార్‌లో, ఫ్రెంచ్ పశ్చిమ ఆఫ్రికా మొత్తానికి ఉండే గ్రాండ్ కౌన్సిల్‌కి సెక్రటరీ జనరల్ అయ్యారు. ఎనిమిది ప్రాంతాల ప్రతినిధులుండే సభ అది. ముప్పై రెండేళ్ళకి ఒక ఆఫ్రికన్ ఆ కుర్చీలో కూర్చోవడం అంటే అప్పట్లో మాటలు కాదు.

అక్కడ ఉండిపోతే హాయిగా రిటైరయ్యేవారు. 1958 వచ్చింది.

ఆ ఏడాది ఫ్రాన్స్ నాయకుడు డిగాల్ తన ఆఫ్రికా వలసలకి ఒక ప్రశ్న పెట్టాడు. కొత్త రాజ్యాంగం కింద మాతో కలిసి ఉంటారా, ఉండరా? ఉంటామంటే సాయం అందుతుంది. ఉండమంటే వెంటనే స్వాతంత్ర్యం, ఆ మర్నాటి నుంచి మీ బతుకు మీది. సెప్టెంబర్ 28న ఓటింగ్. ఆఫ్రికాలో గినీ ఒక్కటే వద్దంది. నూటికి తొంభై ఐదు మంది వద్దన్నారు. దానికి ముందే గినీ రాజధాని కొనాక్రీలో డిగాల్ ఎదురుగా నిలబడి గినీ నాయకుడు సేకూ టూరే ఒక మాట అన్నాడు: బానిసత్వంలో సంపద కంటే స్వేచ్ఛలో పేదరికమే మాకిష్టం అని. డిగాల్ అహం దెబ్బతింది. ఫ్రెంచ్ అధికారులు మూటాముల్లె సర్దుకుని వెళ్ళిపోయారు. ఫైళ్ళు తీసుకుపోయారు. టెలిఫోన్లు, లైట్లు కూడా పీక్కుపోయారని అక్కడివాళ్ళు ఇప్పటికీ చెబుతారు.

అక్టోబర్ 2న పుట్టిన ఆ దేశానికి నడపడానికి మనుషుల్లేరు. చదువుకున్న గినీ వాళ్ళని వేళ్ళమీద లెక్కపెట్టొచ్చు. టెల్లీ డకార్ ఉద్యోగం వదిలేసి వచ్చారు. వెంటనే న్యూయార్క్ పంపించారు. ముందు చెయ్యాల్సింది సభ్యత్వం తెచ్చుకోవడం. ఫ్రాన్స్‌కి భద్రతామండలిలో వీటో ఉంది. కోపంలో ఉన్న ఫ్రాన్స్ వీటో వేస్తే కథ అక్కడే ఆగిపోతుంది. డిసెంబర్ 9న ఓటింగ్ జరిగితే పది దేశాలు అనుకూలం, ఫ్రాన్స్ తటస్థం. ఆ తటస్థం వెనక ఎంత బతిమాలింపు, ఎంత బెదిరింపు ఉంటుందో దౌత్యం తెలిసినవాళ్ళకి అర్థమవుతుంది. డిసెంబర్ 12న జనరల్ అసెంబ్లీ గినీని 82వ సభ్య దేశంగా చేర్చుకుంది. టెల్లీకి అప్పుడు ముప్పై మూడేళ్ళు. కొంతకాలం వాషింగ్టన్ రాయబారి పని కూడా ఆయనే చూశారు. ఇంకో మనిషి ఉంటే కదా.

ఇప్పుడు అసలు విషయానికి వస్తున్నాను.

ఐరాస చార్టర్‌లో రెండో అధికరణం ఏడో క్లాజు ఒకటుంది. ఒక దేశం అంతర్గత వ్యవహారాల్లో ఐరాస జోక్యం చేసుకోకూడదని దాని సారాంశం. మా ఇంటి గొడవ మీకెందుకు అన్నట్టు. దక్షిణాఫ్రికా ప్రభుత్వం ఈ క్లాజు వెనకే దాక్కునేది. ఈ సంగతి మొదట రుచి చూసింది మనమే. 1946లో, అంటే మనకింకా స్వాతంత్ర్యం కూడా రాకముందే, దక్షిణాఫ్రికాలో భారతీయుల మీద వివక్ష గురించి ఇండియా ఐరాసకి వెళ్ళింది. విజయలక్ష్మి పండిట్ గారు వాదించారు. దక్షిణాఫ్రికా ప్రధాని జనరల్ స్మట్స్ ఇది మా అంతర్గత వ్యవహారం అన్నాడు. ఆ డిసెంబర్‌లో మూడింట రెండు వంతుల మెజారిటీతో తీర్మానం నెగ్గింది. నెగ్గింది కానీ దక్షిణాఫ్రికా వీసమెత్తు కదల్లేదు. ఆ తర్వాత పదహారేళ్ళు ఏటా చర్చ, ఏటా తీర్మానం, ఏటా అదే జవాబు.

1962 నవంబర్ 6న ఆఫ్రికా దేశాలు ఇంకో మెట్టు ఎక్కాయి. 1761 నంబర్ తీర్మానం. దక్షిణాఫ్రికాతో దౌత్య సంబంధాలు తెంచుకోండి, వాళ్ళ సరుకు కొనకండి, మీ రేవుల్లోకి వాళ్ళ ఓడల్ని రానివ్వకండి అని సభ్య దేశాల్ని కోరింది. వీటన్నిటితో పాటు ఒక ప్రత్యేక కమిటీ వేసింది. పాశ్చాత్య దేశాలు ఒక్కటి కూడా ఆ కమిటీలో చేరలేదు. ఇలాంటి బహిష్కారం ఐరాసలో కొత్త. చివరికి పదకొండు దేశాలు మిగిలాయి. అల్జీరియా, గినీ, ఘనా, నైజీరియా, సోమాలియా, హైతీ, కోస్టారికా, ఫిలిప్పీన్స్, మలయా, హంగరీ, నేపాల్. చూశారా, నేపాల్ ఉంది, మనం లేం. ఈ సమస్యని మొదట లేవనెత్తిన ఇండియా ఆ మొదటి జాబితాలో లేకపోవడం నాకు ఇప్పటికీ వెలితిగానే ఉంటుంది.

ఈ కమిటీకి పెద్ద దేశాల మద్దతు లేదు, డబ్బు లేదు. నాలుగు మీటింగులు పెట్టి, ఒక రిపోర్టు రాసి, అటకెక్కించేస్తారని అందరూ అనుకున్నారు. 1963 ఏప్రిల్‌లో మొదటి సమావేశం. అధ్యక్షుడు టెల్లీ. ఐరాస సచివాలయం తరఫున కమిటీకి ప్రిన్సిపల్ సెక్రటరీగా వచ్చిన ఉద్యోగి పేరు ఏనుగ శ్రీనివాసులు రెడ్డి. ఇ.ఎస్. రెడ్డి. మన నెల్లూరు జిల్లా మనిషి.

(చప్పట్లు)

రెడ్డి గారిది 1924 జననం. టెల్లీ కంటే ఒక్క ఏడాది పెద్ద. తండ్రి స్వాతంత్ర్యోద్యమంలో జైలుకెళ్ళినవారు. రెడ్డి గారు 1946లో చదువు కోసం న్యూయార్క్ వెళ్ళారు, 1949లో ఐరాసలో చేరారు. దక్షిణాఫ్రికా మీద ఆయనకున్న శ్రద్ధ ఉద్యోగం కోసం తెచ్చుకున్నది కాదు, విద్యార్థి రోజుల నుంచే ఉన్నది. ఒకరు ఫూటా జాలోన్ కొండల నుంచి, ఒకరు పెన్నా ఒడ్డు జిల్లా నుంచి. ఒకరిది ఫ్రెంచ్ చదువు, ఇంకొకరిది ఇంగ్లీషు చదువు. ఇద్దరూ వలస పాలన కింద పుట్టినవాళ్ళే.

వీళ్ళు చేసిన పని చూడండి. కమిటీ అంటే రాయబారులు రాయబారులతో మాట్లాడుకోవడం అనే పద్ధతి ఉండేది. వీళ్ళు బాధితులనే పిలిపించి మాట్లాడించారు. 1963 జులైలో గాయని మిరియం మకేబా కమిటీ ముందుకొచ్చి తన దేశం గురించి చెప్పింది. ఆమె తల్లి చనిపోతే అంత్యక్రియలకి కూడా దేశంలోకి రానివ్వని ప్రభుత్వం అది. ఈ సాక్ష్యం తర్వాత అక్కడ ఆమె పాటల మీద కూడా నిషేధం పెట్టారు. ఏడాది మొత్తం వేచి చూడకుండా కమిటీ మధ్యమధ్యలో రిపోర్టులు పంపుతూ ఒత్తిడి పెంచింది. ఆగస్టు 7న భద్రతామండలి దక్షిణాఫ్రికాకి ఆయుధాలు అమ్మొద్దని పిలుపిచ్చింది. తప్పనిసరి కాదు, స్వచ్ఛందమే. అయినా భద్రతామండలి నోట ఆ మాట అదే మొదటిసారి.

ఆ జులైలోనే జోహాన్నెస్‌బర్గ్ దగ్గర రివోనియాలో, నెల్సన్ మండేలా సహచరులు దాక్కున్న చోట, పోలీసుల దాడి జరిగింది. మండేలా అప్పటికే జైల్లో ఉన్నారు. అక్టోబర్‌లో ఆయన్నీ, సహచరుల్నీ కోర్టులో నిలబెట్టారు. ఉరి ఖాయమని అందరి భయం. కేసు మొదలైన మూడో రోజుకే, అక్టోబర్ 11న, ఐరాస జనరల్ అసెంబ్లీ ఈ విచారణ ఆపండి, రాజకీయ ఖైదీల్ని వదలండి అని తీర్మానించింది. అనుకూలం 106. వ్యతిరేకం ఒకటి. ఆ ఒకటి దక్షిణాఫ్రికా. కమిటీని బహిష్కరించిన అమెరికా, బ్రిటన్ కూడా ఆ రోజు అనుకూలంగానే ఓటేశాయి. ఒక దేశంలో కోర్టు కేసు నడుస్తుంటే ప్రపంచం మొత్తం వద్దని చెప్పింది. అంతర్గత వ్యవహారం అనే గోడకి ఆ రోజు పడిన బీట మళ్ళీ పూడలేదు. రివోనియా ముద్దాయిలకి 1964 జూన్‌లో పడింది యావజ్జీవం, ఉరి కాదు. ఆ ఒక్క ఓటింగ్ వల్లే అని నేననను. ఎన్నో ఒత్తిళ్ళు కలిశాయి, అందులో ఇదొకటి.

నన్నడిగితే టెల్లీ జీవితంలో శిఖరం ఇదే. తర్వాత వచ్చిన పదవి ఇంకా పెద్దది, కానీ అందులో సాధించింది తక్కువ.

1963 మే 25న ఇథియోపియా రాజధాని అడిస్ అబాబాలో ఆఫ్రికా ఐక్యతా సంస్థ పుట్టింది. 1964 జులైలో కైరో శిఖరాగ్ర సభ టెల్లీని మొదటి సెక్రటరీ జనరల్‌గా ఎన్నుకుంది. ఎనిమిదేళ్ళు చేశారు. చార్టర్ రాసినప్పుడే దేశాధినేతలు జాగ్రత్తపడ్డారు. సెక్రటరీ జనరల్ ఆఫీసు నడపాలి, రాజకీయం నడపకూడదు. టెల్లీ స్వభావం దానికి పూర్తిగా విరుద్ధం. మాటకారి. అలసట తెలియని మనిషి. తెచ్చిపెట్టుకున్న వినయం లేదు. ఈయన మన గుమాస్తానా, మన మీద నాయకుడా అని అధ్యక్షులు చిరాకుపడేవారు. దేశాలు చందాలు కట్టేవి కావు. 1965లో బ్రిటిష్ వలస రొడీషియాలో, అంటే నేటి జింబాబ్వేలో, తెల్లవాళ్ళు తమంతట తామే స్వాతంత్ర్యం ప్రకటించుకున్నప్పుడు, బ్రిటన్ అడ్డుకోకపోతే దౌత్య సంబంధాలు తెంచుకుంటామని ఆఫ్రికా మంత్రులంతా కలిసి తీర్మానించారు. గడువు దాటాక తెంచుకున్న దేశాలు పదికి మించలేదు. తీర్మానం రాయించినవాడికి అది ఎంత తలవంపో ఊహించుకోండి.

1966 అక్టోబర్ 29 సంగతి చెబుతాను. గినీ విదేశాంగ మంత్రి బేవోగీ తన బృందంతో అడిస్ అబాబాలో ఐక్యతా సంస్థ సమావేశానికే బయల్దేరాడు. పాన్ అమెరికన్ విమానం దారిలో ఘనా రాజధాని అక్రాలో ఆగింది. ఘనా సైనిక ప్రభుత్వం విమానం ఎక్కి పందొమ్మిది మంది గినీ వాళ్ళని దింపి అరెస్టు చేసింది. ఎందుకు? ఆ ఫిబ్రవరిలో కుట్రలో పదవి పోయిన ఘనా అధ్యక్షుడు ఎన్‌క్రూమాకి సేకూ టూరే కొనాక్రీలో ఆశ్రయమిచ్చాడు, గౌరవంగా సహ అధ్యక్షుడని పేరు కూడా పెట్టాడు. ఘనాకి అది కంటగింపు. ఇటు సేకూ టూరే ఏం చేశాడు? విమానం అమెరికాది కాబట్టి అమెరికా రాయబారిని కొనాక్రీలో గృహ నిర్బంధంలో పెట్టాడు! మధ్యలో టెల్లీ. అందరికీ సమానంగా ఉండాల్సిన సెక్రటరీ, పట్టుబడింది తన సొంత దేశపు మంత్రి. గట్టిగా మాట్లాడితే ఘనాకి కోపం, మెత్తగా మాట్లాడితే సేకూ టూరేకి కోపం. చివరికి ఇథియోపియా చక్రవర్తి హైలే సెలాసీ తదితరుల మధ్యవర్తిత్వంతో వారం రోజులకి వాళ్ళు విడుదలయ్యారు. సేకూ టూరే మనసులో టెల్లీ మీద అనుమానం మాత్రం ఈ ఎనిమిదేళ్ళలో పెరుగుతూ పోయింది. తన నీడలో ఉండాల్సినవాడు ఖండమంతా పేరు తెచ్చుకుంటున్నాడు కదా.

ఇక్కడ టెల్లీని కూడా నిలదీయాలి. ఐక్యతా సంస్థ చార్టర్ మూడో అధికరణంలో కూడా సభ్య దేశాల అంతర్గత వ్యవహారాల్లో జోక్యం కూడదు అని ఉంది. న్యూయార్క్‌లో ఏ గోడని ఆయన బద్దలుకొట్టారో అదే గోడకి అడిస్ అబాబాలో ఆయన కాపలాదారు. 1970 నవంబర్‌లో పోర్చుగల్ సేనలు కొనాక్రీ మీద సముద్రం నుంచి దాడి చేశాయి. అది నిజమైన దాడే, సంస్థ ఖండించింది, ఖండించాల్సిందే. ఆ తర్వాత సేకూ టూరే ఇంటి శత్రువుల వేట మొదలుపెట్టాడు. 1971 జనవరిలో మాజీ మంత్రులతో సహా నలుగురిని కొనాక్రీలో వంతెనకి వేలాడదీశారు. న్యాయశాస్త్రంలో డాక్టరేట్ ఉన్న సెక్రటరీ జనరల్ నోరు మెదపలేదు. మెదిపితే ఏమయ్యేదో అందరికీ తెలుసు. మెదపలేదన్నది కూడా నిజమే.

అసలు భయపెట్టే ఉదాహరణ ఆయనకి ఇంకా దగ్గర్లోనే ఉంది. ఐరాసలో టెల్లీ తర్వాత గినీ రాయబారిగా వచ్చినవాడు మరూఫ్ అష్కార్. అపార్థైడ్ కమిటీకీ టెల్లీ తర్వాత ఆయనే అధ్యక్షుడు. 1968లో స్వదేశానికి పిలిపించి జైల్లో వేశారు. 1971లో చంపేశారు. బతికున్నాడో లేదో కుటుంబానికి ఏళ్ళ తరబడి తెలియనివ్వలేదు.

1972 జూన్‌లో మొరాకోలో జరిగిన ఐక్యతా సంస్థ రబాత్ సభలో టెల్లీ మూడోసారి ఎన్నిక కాలేదు. కామెరూన్‌కి చెందిన ఎన్జో ఎకాంగాకీ వచ్చారు. టెల్లీకి నలభై ఏడేళ్ళు. ప్రపంచంలో ఏ విశ్వవిద్యాలయమైనా, ఏ అంతర్జాతీయ సంస్థయినా పిలిచి కుర్చీ వేసేది. వెళ్ళొద్దని స్నేహితులు చెప్పారు. ఆయన కొనాక్రీ వెళ్ళారు.

ఎందుకెళ్ళాడు అని ఇప్పుడే ముందు వరసలోంచి ఒకరు అడిగారు. మంచి ప్రశ్న. నాకు తోచింది చెబుతాను. 1958 తరం వాళ్ళకి గినీ అంటే మామూలు దేశం కాదు, వద్దు అని చెప్పిన దేశం. దాన్ని వదిలి పారిస్‌లోనో జెనీవాలోనో కూర్చుంటే ఆ వద్దు అన్న మాటకే అర్థం ఉండదు అనుకుని ఉంటారు. నా మీద ఇంత పేరుంది, నన్నేం చేస్తారులే అన్న ధీమా కూడా ఉండి ఉంటుంది. మొదటిది గొప్పతనం, రెండోది అమాయకత్వం.

ఆ ఆగస్టులో న్యాయశాఖ మంత్రిని చేశారు. నాలుగేళ్ళు చేశారు. ఆ నాలుగేళ్ళూ కొనాక్రీ నడిబొడ్డున బోయిరో శిబిరంలో విచారణ లేని ఖైదీలు మగ్గుతూనే ఉన్నారు. న్యాయశాఖ మంత్రికి ఆ శిబిరం మీద అధికారం లేదు. ఆ శిబిరం చిత్రం ఏమిటంటే, దాన్ని ఏర్పాటు చేయడంలో చేయి ఉన్న మంత్రి ఫోదేబా కీటా, గొప్ప నృత్య కళాకారుడు, ఆయన కూడా 1969లో అందులోనే ప్రాణం వదిలాడు.

1976 జులై 18న టెల్లీని ఇంట్లో అరెస్టు చేశారు. ఫులా జాతివాళ్ళు అధ్యక్షుడి మీద కుట్ర పన్నారని ఆరోపణ. ఆగస్టులో సేకూ టూరే ఆ జాతి మొత్తాన్ని బహిరంగ సభల్లో తిట్టిపోశాడు. విచారణ జరిపిన బృందానికి పెద్ద అధ్యక్షుడి తమ్ముడు ఇస్మాయిల్ టూరే. చిత్రహింసలు పెట్టారు. తర్వాత రేడియోలో టెల్లీ ఒప్పుకోలు వినిపించారు. తాను అమెరికా సీఐఏ మనిషినని చెప్పించారు. ఆ గొంతు ఐరాసలో ఎందరికో పరిచయమైన గొంతు. 1977 ఫిబ్రవరిలో ఆయనకీ, ఇంకో నలుగురికీ అక్కడ నల్ల పథ్యం అని పిలిచే శిక్ష వేశారు. గది తలుపు మూసేస్తారు. తిండి లేదు, నీళ్ళు లేవు. అంతే. ఫిబ్రవరి చివర, మార్చి మొదట్లో పోయారు. శవాన్ని ఇంటికివ్వలేదు.

ఎనిమిదేళ్ళు ఆయన నడిపిన సంస్థ ఏం చేసింది? ఏమీ చెయ్యలేదు. అప్పటికి ఆ సంస్థ సంగతి అలా ఉంది. 1974 నవంబర్‌లో ఇథియోపియా సైనిక ప్రభుత్వం దాదాపు అరవై మంది పాత అధికారుల్ని ఒక్క రాత్రిలో జైల్లోనే కాల్చేసింది. ఆ జైలు ఐక్యతా సంస్థ ప్రధాన కార్యాలయానికి ఆనుకునే ఉండేది. 1975లో సంస్థ శిఖరాగ్ర సభ ఉగాండా రాజధాని కంపాలాలో జరిగింది, అధ్యక్షుడు ఆ దేశపు నియంత ఇదీ అమీన్. టాంజానియా అధ్యక్షుడు న్యెరేరే వెళ్ళనన్నాడు. ఎక్కువ మంది వెళ్ళారు. ఇక గినీలో ఒక మాజీ మంత్రి సంగతి ఎవరడుగుతారు? మనమూ గొప్పలు పోనక్కర్లేదు. టెల్లీ జైల్లో ఉన్న ఆ నెలల్లో మన దగ్గర ఎమర్జెన్సీ. విదేశాల్లో ఎవరైనా ప్రశ్నిస్తే మన ప్రభుత్వమూ అదే జవాబిచ్చింది, మా అంతర్గత వ్యవహారం అని.

1976లో, టెల్లీ అరెస్టయిన ఏడాదే, ఐరాస అపార్థైడ్ వ్యతిరేక కేంద్రానికి ఇ.ఎస్. రెడ్డి గారు డైరెక్టర్ అయ్యారు. ఐరాసలో సహాయ సెక్రటరీ జనరల్ స్థాయికి ఎదిగి 1985లో రిటైరయ్యారు. 2013లో దక్షిణాఫ్రికా ప్రభుత్వం ఆలివర్ టాంబో పేరుతో ఉన్న జాతీయ గౌరవం ఇచ్చింది. 2020లో తొంభై ఆరేళ్ళకి కన్నుమూశారు. ఆ కమిటీ మొదటి ఇద్దరు అధ్యక్షులూ సొంత ప్రభుత్వం చేతుల్లో పోయారు. పని చేసి పెట్టిన సెక్రటరీ, మండేలా విడుదల చూసి, ఆయన అధ్యక్షుడవడం చూసి, నిండు జీవితం గడిపారు. ఆ తేడా ప్రతిభలో లేదు. ఇంటికెళ్తే ఏ ప్రభుత్వం ఎదురవుతుందన్న దాంట్లో ఉంది.

సేకూ టూరే 1984 మార్చి 26న అమెరికాలో క్లీవ్‌లాండ్ ఆసుపత్రిలో, గుండె ఆపరేషన్ సమయంలో చనిపోయాడు. ఎనిమిది రోజులకే సైన్యం పగ్గాలు పట్టి బోయిరో తలుపులు తీసింది.

ఐక్యతా సంస్థ స్థానంలో వచ్చిన ఆఫ్రికన్ యూనియన్ తన 2000 నాటి రాజ్యాంగ పత్రంలో నాలుగో అధికరణం కింద ఒక కొత్త హక్కు రాసుకుంది. యుద్ధ నేరాలు, జాతి నిర్మూలన, మానవత్వం మీద నేరాలు జరిగితే సభ్య దేశంలో జోక్యం చేసుకునే హక్కు. టెల్లీ కాలంలో ఇది ఊహకి కూడా అందనిది. 2015 డిసెంబర్‌లో బురుండీ విషయంలో దాన్ని వాడేదాకా వెళ్ళారు. యూనియన్ శాంతి భద్రతా మండలి ఐదువేల మంది సైనికుల్ని పంపుతామని ప్రకటించింది. బురుండీ వస్తే దాడిగా చూస్తామంది. 2016 జనవరిలో దేశాధినేతలు అడిస్ అబాబాలో కూర్చుని, పంపకూడదని నిర్ణయించారు.

నా టైమ్ అయిపోయిందని చీటీ వచ్చింది. ప్రశ్నలుంటే అడగండి, ఫ్రెంచ్ ఉచ్చారణ మీద మాత్రం వద్దు.